సముద్రం అడుగున పద్దు పుస్తకం

పోయిన సంచికలో మా స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం) క్లబ్బు గురించి నాలుగు మాటలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ముందే చెప్పేస్తాను, నేను శాస్త్రవేత్తను కాను. లెక్కల విభాగంలో ఉద్యోగం చేసుకుంటూ నలభై ఒకటో ఏట మొదటిసారి సముద్రంలో తల ముంచినదాన్ని. క్లబ్బులో చేరిన వారానికే అందరూ కలిసి రిజిస్టరు రాసే పని నాకు అంటగట్టారు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందుకని నా జవాబుల్లో సముద్రపు అందాల కంటే లెక్కలే ఎక్కువ కనిపిస్తే సర్దుకోండి.

ప్రశ్న: నాకు ఈత అంతంతమాత్రం. పైగా కళ్ళజోడు. నీళ్ళలోకి దిగాలంటేనే ఊపిరాడనట్టు టెన్షన్ వస్తుంది. నేను స్కూబా నేర్చుకోవచ్చా మేడమ్? – ఒక డిగ్రీ విద్యార్థిని

కళ్ళజోడు అసలు సమస్యే కాదమ్మా. పవరున్న అద్దాలు మాస్కుకే బిగిస్తారు. ఈత మాత్రం తప్పదు. చాలా చోట్ల మొదటి కోర్సులోనే ఆగకుండా 200 మీటర్లు ఈదమంటారు, ఏ ఆధారమూ లేకుండా 10 నిమిషాలు తేలమంటారు. ఎంత వేగంగా ఈదారో ఎవరూ చూడరు. నేను ఈదుతుంటే గట్టు మీదున్న కుర్రాళ్ళు టీ తాగి వచ్చారు.

టెన్షన్ సంగతికి వస్తే, మొదటి పాఠాలన్నీ నిలబడితే తల బయట ఉండేంత లోతులోనే జరుగుతాయి. అక్కడ వందసార్లు చెప్పే మాట ఒకటే: ఊపిరి బిగబట్టకూడదు. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. నోరు మూసుకుని పైకి వస్తే ఆ గాలి ఊపిరితిత్తులను చీల్చేస్తుంది. అందుకే బుడగలు వదులుతూనే ఉండాలి. ఆ బుడగల చప్పుడుకు అలవాటు పడ్డాక టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే మాత్రం ఫారంలో దాచకండి. డాక్టరు సరేనన్నాకే దిగండి.

ప్రశ్న: మనుషులు వెళ్ళి కెలక్కపోతేనే సముద్రం బాగుంటుంది కదా? మీ సరదాకి సంరక్షణ అని పేరు పెట్టుకున్నారనిపిస్తోంది. కోపం తెచ్చుకోకండి. – ఒక న్యాయవాది

కోపం ఎందుకండీ, మీరు రాసిందాంట్లో సగం నిజమే. నామీద కేసు పెట్టడానికి సరిపడా సాక్ష్యం మా రిజిస్టర్లోనే ఉంది.

అది నా పదిహేనో డైవ్. కొత్త కెమెరా. కొమ్మల పగడం సందులో పసుపుపచ్చ చేపపిల్ల ఒకటి దోబూచులాడుతోంది. దాన్ని ఫోటో తీద్దామని తల కిందికి వంచాను. తల దిగింది, కాళ్ళు లేచాయి. నిలదొక్కుకోవడానికి ఒక్కసారి కాలు ఆడించాను. నీళ్ళలో చప్పుడు గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వస్తుంది, ఏ దిక్కునుంచి వచ్చిందో మాత్రం తెలీదు. పటుక్కుమంది. ఎవరో ఏదో విరగ్గొట్టారనుకుని చుట్టూ చూశాను. కాలికి తొడుక్కున్న నా ఫిన్ (ఈత రెక్క) కిందే నా చిటికెన వేలంత కొమ్మ దొర్లుతోంది. విరిగిన చోట సుద్దముక్కలా తెల్లగా ఉంది.

కొమ్మల పగడాలు బాగా పెరిగితే ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా సాగుతాయి. బండల్లా ఉండే రకాలైతే ఏడాదికి 2 సెంటీమీటర్లు కూడా పెరగవు. అలాంటి బండను పడవ లంగరు ఒక్కసారి గీరితే చాలు, మనవలు ముసలివాళ్ళయ్యే దాకా ఆ గీత కనిపిస్తుంది.

పడవెక్కాక ఆ రోజు నాతో దిగిన పెద్దావిడ (క్లబ్బులో అందరం ఆమెను అక్కా అనే పిలుస్తాం) ఒక్క మాట కూడా కోప్పడలేదు. తల తుడుచుకుంటూ, "ఇవాళ్టి పేజీలో అది కూడా రాయి" అంది. రాశాను. "కొమ్మ పగడం, ఒకటి, విరగ్గొట్టింది నేనే." ఆ పేజీ ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదట చూపించేది దాన్నే.

మా క్లబ్బులో కెమెరా నియమం అప్పుడే వచ్చింది. స్విమ్మింగ్ పూల్ అడుగున ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు పెడతాం. దానికి జానెడు ఎత్తులో, చేతులు ఆడించకుండా, కాళ్ళు ఆడించకుండా, రెండు నిమిషాలు ఉండాలి. ఊపిరి పీలిస్తే ఒళ్ళు కాస్త పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఆ ఊపిరితోనే సర్దుకోవాలి. కప్పు పడిపోతే మళ్ళీ మొదటికి. అది వచ్చేదాకా సముద్రంలోకి కెమెరా లేదు. నాకు నాలుగు నెలలు పట్టింది. వినడానికి ఆటలా ఉంటుంది గానీ, మేం సముద్రానికి చేసే మేలులో పెద్ద భాగం ఇదే, మా వల్ల నష్టం జరక్కుండా చూసుకోవడం. డైవింగ్ నడిపేవాళ్ళు లంగరు వేయకుండా నీళ్ళ మీద తేలే బోయ్ గుర్తులకు పడవ కట్టాలి, చేపలకు మేత వేయకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు వంటి నియమాలతో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2004లో గ్రీన్ ఫిన్స్ అనే పద్ధతి మొదలుపెట్టింది. మీకు వచ్చిన అనుమానమే వాళ్ళకూ వచ్చిందన్నమాట.

మీరు రాయని మిగతా సగం ఏమిటంటే, ఎవరూ దిగకపోతే కింద ఏం జరుగుతోందో చూసేవాళ్ళు ఉండరు. శాస్త్రవేత్తలు కొద్దిమంది, సముద్రం పెద్దది. ఏడాదికోసారి వచ్చే టూరిస్టు అందం చూసి వెళ్ళిపోతాడు. క్లబ్బు అలా కాదు. అదే రాయి దగ్గరికి ఎండాకాలం, వానాకాలం, పదేళ్ళు వెళ్తాం. నిరుడు ఇక్కడ ఏముండేదో మాకు తెలుసు.

ప్రశ్న: నీటి అడుగున చెత్త ఎలా తీస్తారు? గోనెసంచిలో వేసుకుని పైకి రావడమేనా? – ఒక లెక్చరర్

సీసాలు, డబ్బాలకైతే దాదాపు అంతే. అయితే గోనెసంచి కాదు, నీళ్ళు జారిపోయే జాలీ సంచి. సీసా తీసేముందు లోపలికి టార్చి వేసి చూడాలి. చిన్న ఆక్టోపస్ కాపురం పెట్టి ఉంటే అది ఇక చెత్త కాదు, ఇల్లు. అక్కడే వదిలేస్తాం. రంగురంగుల స్పాంజీలు, పగడాలు అల్లుకుపోయిన టైరును కూడా కదపం.

అసలు కష్టమంతా వలలతోనే. తెగిపోయో, వదిలేస్తేనో అడుగున ఉండిపోయిన వలలను ఘోస్ట్ నెట్స్ (దెయ్యం వలలు) అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు, యజమాని లేకపోయినా అవి వేట మానవు. ఒక చేప చిక్కి చస్తుంది. దాన్ని తినడానికి పీత వస్తుంది, అదీ చిక్కుతుంది. నైలాన్ కుళ్ళదు కాబట్టి ఏళ్ళ తరబడి ఇదే తంతు.

పోయిన ఏడాది 14 మీటర్ల లోతులో ఒక రాయికి చుట్టుకున్న వల తీశాం. ముందు రోజు సాయంత్రమంతా లెక్కలే. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ల (బార్ అంటే పీడనం కొలత) దాకా గాలి నింపితే 2,400 లీటర్లు. అందులో 50 బార్లు, అంటే 600 లీటర్లు ముట్టుకోకూడదు, అది ఇంటికి దారిఖర్చు. మిగిలింది 1,800. స్థిమితంగా ఉన్న మనిషి పైన నిమిషానికి 20 లీటర్లు పీలిస్తే, 14 మీటర్ల దగ్గర పీడనం 2.4 రెట్లు కాబట్టి 48 అవుతాయి. అంటే 37 నిమిషాలు. కానీ వల కోయడం స్థిమితంగా చేసే పని కాదు, ఒగురుస్తాం. అందుకని 20 నిమిషాలకు మించి ఉండకూడదని రాసుకున్నాం.

ఇద్దరిద్దరుగా దిగాం. ఒకరు కోస్తుంటే రెండోవారు చెయ్యి ఆడించకూడదు, చూస్తూ ఉండాలి, అంతే. కత్తి మొన మొద్దుగా ఉండాలి. వలను గుంజకూడదు, గుంజితే దాంతోపాటు పగడం ఊడి వస్తుంది. పగడం కలుపుకుపోయిన చోట దారం అక్కడే వదిలి చుట్టూ కోయాలి. నేను మూడో మూల కోస్తున్నాను. వలలో ఇంకా బతికున్న పీత ఒకటి కనిపిస్తే దాని కాళ్ళ చుట్టూ ఉన్న దారం ఒక్కొక్కటే తెంపుతున్నాను. ముందుకు జరగబోతే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టయింది. సిలిండరు మూతికి వల తగులుకుంది.

అప్పుడు మనిషికి పుట్టే మొదటి బుద్ధి వెనక్కి తిరిగి చూడటం. తిరిగామా, ఇంకో చుట్టు పడుతుంది. ఈ విషయం నేనే పది మందికి చెప్పి ఉంటాను, అయినా మెడ తిరగబోయింది. ఆపుకుని, కదలకుండా, ఎన్ని బార్ల గాలి మిగిలిందో చూపే గేజ్‌లో ముల్లు చూస్తూ ఉండిపోయాను. 90. నా బడ్డీ (నాకు జతగా దిగినతను) భుజం మీద రెండుసార్లు తట్టాడు. తర్వాత పరపరమని కోస్తున్న చప్పుడు. ముందుకు వచ్చి, తెంపిన దారం ముక్క నా మాస్కు ముందు ఊపి చూపించాడు, పళ్ళ డాక్టరు పీకిన పన్ను చూపించినట్టు. ముల్లు 70కి వచ్చింది. పీతను వదిలించి పైకి బయల్దేరాం. దారిలో 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవడానికి. ఆ మూడు నిమిషాలు అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు.

వలను మోసుకుని పైకి రాకూడదు, ఒంటికి అసలు తగిలించుకోకూడదు. లిఫ్ట్ బ్యాగు అనే మందపాటి సంచి కట్టి, దాన్లోకి గాలి వదిలితే అదే తేలుతుంది. లీటరు గాలి సుమారు కిలో బరువు లేపుతుంది. పైకి పోతున్నకొద్దీ గాలి పొంగుతుంది కాబట్టి సంచి వేగం అందుకుంటుంది. దాని పైన గానీ కింద గానీ ఎవరూ ఉండకూడదు. నీళ్ళలో బరువే తెలియని ఆ వలను పడవలోకి లాగడానికి నలుగురం కావాల్సి వచ్చింది.

ఇక నా పని మొదలవుతుంది. ఒడ్డున పట్టా పరిచి, ఏ రకం ఎన్ని, ఎంత బరువు, ఏ లోతులో, ఎన్ని నిమిషాల్లో దొరికిందో రాస్తాం. డైవర్లు తీసిన చెత్త లెక్కలను ప్రపంచమంతటి నుంచీ ఒకచోట చేర్చే డైవ్ అగైనెస్ట్ డెబ్రీ అనే కార్యక్రమం 2011 నుంచి ఉంది. మావీ అక్కడికే పంపుతాం. ఏమీ దొరకని రోజు కూడా "ఏమీ లేదు" అని రాయాలి. కొత్త కుర్రాళ్ళకు ఇదే నచ్చదు. చెత్త కుప్ప పక్కన ఫోటో దిగాక రాత పనికి మాత్రం ఎవరూ కనిపించరు.

రాత వల్ల ఏమొస్తుందంటారా? ఒక రాయి దగ్గర ప్రతిసారీ గాలపు సీసం గుండ్లు, దారం దొరికేవి. పేజీలు తిప్పి చూస్తే వేరే ఎక్కడా అన్ని లేవు. ఒడ్డు మీద గాలం వేసేవాళ్ళను అడిగితే, "అక్కడ రాయికి తగులుకుంటుందండీ, మాకూ నష్టమే" అన్నారు. ఆ రాయి ఎటు నుంచి ఎటు దాకా ఉందో గీసి ఇచ్చాం, పాత దారం వేయడానికి ఒక డబ్బా పెట్టాం. దారం బాగా తగ్గింది. సీసం ఎందుకో తగ్గలేదు. ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ప్రశ్న: ఆంటీ, నాకు పదకొండేళ్ళు. నేను డైవింగ్ చెయ్యొచ్చా? షార్క్ వస్తే ఏం చేస్తారు? – ఒక చిన్నారి పాఠకురాలు

పదేళ్ళు నిండినవాళ్ళకు పిల్లల కోర్సు ఉందమ్మా. 12 మీటర్లు దాటకూడదు, పక్కన అమ్మో నాన్నో ఉండాలి, వాళ్ళు కూడా డైవింగ్ నేర్చుకున్నవాళ్ళై ఉండాలి. లేకపోతే టీచరుతో దిగాలి. కాబట్టి ముందు మీ అమ్మను ఈతకు పంపు.

షార్క్ వస్తే ఆనందంగా చూస్తాం. అది మమ్మల్ని చూసి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళలో నన్ను కరిచింది ఒకటే చేప, అరచేయంత ట్రిగ్గర్ ఫిష్, దాని గుడ్ల దగ్గరికి వెళ్ళానని. అదీ ఫిన్‌నే కరిచింది.

ప్రశ్న: ఈమధ్య డైవ్‌కి వెళ్తే పగడాలన్నీ పాలిపోయి తెల్లగా కనిపించాయి. అవన్నీ చచ్చిపోయినట్టేనా? మీలాంటి క్లబ్బులు ఏం చేయగలవు? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

తెల్లబడిందంటే చచ్చిందని కాదు. పగడం ఒక జంతువు. దాని ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. రంగు దానిదే, వంట కూడా దానిదే, పగడానికి కావాల్సిన ఆహారంలో చాలా భాగం ఎండతో వండి పెట్టేది ఆ నాచే. నీళ్ళు మామూలు ఎండాకాలపు గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి గెంటేస్తుంది. మిగిలింది అద్దం లాంటి ఒళ్ళు, లోపల కనిపించే తెల్లటి అస్థిపంజరం. అంటే మీరు చూసినవి పస్తులున్న పగడాలు. నీళ్ళు త్వరగా చల్లబడితే నాచు మళ్ళీ చేరుతుంది, కోలుకుంటాయి. చల్లబడకపోతే ఆకలితో చస్తాయి. చచ్చినదాని మీద కొన్ని వారాల్లో నూగు పట్టినట్టు పాచి పెరుగుతుంది. తెలుపు జబ్బు, నూగు చావు అని గుర్తుపెట్టుకోండి.

ప్రపంచమంతటా పగడాలు తెల్లబడటం 1998లో మొదటిసారి చూశారు. తర్వాత 2010లో, 2014 నుంచి 2017 దాకా. నాలుగోది నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. సముద్రపు అడుగులో 1 శాతం కూడా లేని ఈ పగడపు దిబ్బల మీద సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతు ఆధారపడి ఉన్నాయి.

మేం ఏం చేయగలం? నీళ్ళను చల్లార్చలేం. ఎవరైనా క్లబ్బువాళ్ళు పగడాలను కాపాడేశామని చెబితే కాస్త అనుమానించండి. మేం చేసేది చూసి రాయడం. పైన నీళ్ళు ఎంత వేడెక్కాయో ఉపగ్రహాలు చెబుతాయి. ఏ పగడం తెల్లబడిందో, ఏది తట్టుకుందో మాత్రం ఎవరో దిగి చూడాల్సిందే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2002లో కోరల్‌వాచ్ అని మొదలుపెట్టి, నీళ్ళలో తడవని రంగుల అట్ట ఒకటి తయారుచేసింది. నాలుగు వరసల రంగులు, లేతదానికి 1, ముదురుదానికి 6. పగడం పక్కన పట్టుకుని, దాని మీద అన్నిటికంటే లేతగా ఉన్న చోటు అంకె, ముదురుగా ఉన్న చోటు అంకె పలక మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. కంటిని నమ్మితే కుదరదా అంటే, కుదరదు. నీళ్ళు ముందుగా ఎరుపును మింగేస్తాయి. నాకోసారి లోతులో వేలు తెగితే నెత్తురు ఆకుపచ్చగా కనిపించింది. అట్ట కూడా అదే నీళ్ళలో ఉంటుంది కాబట్టి మోసం రెండింటికీ సమానం.

ఇంకొక్క మాట, డైవ్‌కి వెళ్ళేటప్పుడు సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలున్న క్రీములను పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దేశం 2020లో, అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021లో అమ్మకుండా ఆపేశాయి.

ప్రశ్న: పాత డైవ్ ఫోటోలు హార్డ్ డిస్కు నిండా ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తాయా? – ఒక ఫోటోగ్రాఫర్

తేదీ, చోటు రాసి ఉంటే బంగారం. లేకపోతే గోడకు తగిలించుకోవడానికే. తిమింగల సొర, అంటే వేల్ షార్క్ ఒంటి మీది చుక్కలు మన వేలిముద్రల్లాంటివి, దేనివి దానివే. మొప్పల వెనక, ఎడమ పక్క తీసిన ఫోటో ఉంటే, అది ఇంతకు ముందు ఏ సముద్రంలో ఎవరికి కనిపించిందో కంప్యూటరు పోల్చి చెబుతుంది. ఆకాశంలో నక్షత్రాలను పోల్చడానికి ఖగోళ శాస్త్రవేత్తలు వాడిన లెక్కనే దీనికి మలిచారు. మాంటా రే (పెద్ద టేకు చేప) అయితే కడుపు మీది మచ్చలు చూస్తారు. మీ డిస్కులో ఎడమ పక్కవి వెతకండి.

ప్రశ్న: వయసు డెబ్భై. మోకాళ్ళు లేవు, ఈత రాదు. అయినా మీ రాత చదివాక ఏదైనా చేయాలనిపించింది. నాలాంటివాడికి క్లబ్బులో పనేమిటి? – ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

మాస్టారూ, ఒక్క డైవర్ నీళ్ళలో ఉంటే ఒడ్డున ముగ్గురి పని ఉంటుంది. దిగినవాళ్ళ పేర్లు, దిగిన టైము రాసి, అందరూ పైకి వచ్చారో లేదో లెక్కపెట్టే మనిషి కావాలి. అది చిన్న పని కాదు, ప్రాణాల లెక్క. తడి వల తూచేటప్పుడు కాటా పట్టుకునేవాళ్ళు, సీసాల మీద పేర్లు చదివి రకాలు విడదీసేవాళ్ళు కావాలి.

ఇవన్నీ కాక ఇంకొకటుంది. ఇన్‌లాండ్ లెటర్ మీద మీరు రాసిన ఉత్తరం నా ముందుంది. చేతిరాత గుండ్రంగా, అచ్చుగుద్దినట్టుంది. దాని పక్కనే పోయిన డైవ్ నాటి పలక. చలికి వణుకుతున్న చేత్తో పెన్సిల్‌తో గీకిన ఒక అంకె అది 1 అయ్యుండాలి, లేదా 7. రాసిన కుర్రాడినే అడిగితే, "మీరేదనుకుంటే అదే వేసుకోండి మేడమ్" అన్నాడు. మీ దగ్గర్లో ఉన్న క్లబ్బుకి వెళ్ళి, రిజిస్టరు ఎవరు రాస్తున్నారో అడగండి. ఎర్ర సిరా పెన్ను కూడా పట్టుకెళ్ళండి.